తొక్కల బస్తా

ఏమండీ, నేను కులాసాగా ఉన్నాను, బెంగ పెట్టుకోకండి.

మీరు పంపిన వేరుశనగ తొక్కల బస్తా మా ల్యాబుకి చేరింది. తొక్కల్ని పొడి చేసి గొట్టంలో కూరి, సీసం కలిసిన నీళ్ళు పోస్తే సీసాన్ని ఆ పొడి పట్టేసుకుంటుందని చెప్పాను కదా. అందుకే ఉత్త తొక్కలే కావాలని రెండు కార్డులు రాశాను. తీరా విప్పితే అడుగున చేటెడు నిండు కాయలు! "మీ ఆయనకి చదవడం వచ్చా, అమ్మా?" అని పెద్దసారు అందరిముందూ అనేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. పెళ్ళానికి చెత్త పంపడానికి మీకు మనసొప్పలేదని ఆయనకేం తెలుసు? కాయలన్నీ గదికి తెచ్చుకుని ఒక్కదాన్నే ఒలుచుకు తిన్నాను. ఎవరికీ ఒక్క గింజ పెట్టలేదు.

నేను వచ్చేటప్పుడు సీసాలో తెచ్చుకున్న మన బోరు నీళ్ళు గొట్టంలో పోసి చూశాం, సీసం చాలామటుకు పోయింది. నేను గొట్టం తెచ్చి ఇంట్లో బిగించేదాకా పాపకి ఆ నీళ్ళు పట్టకండి. పక్కవీధి నుంచి మోసుకురావడానికి బద్ధకించకండి. దానికి జడ ఎవరు వేస్తున్నారు? మీరే అయితే పాపం దాని తల! దానికి నా ముద్దులు, అత్తయ్యగారికి నమస్కారాలు.

వచ్చే బస్తాలో తొక్కలే ఉండాలి, గట్టిగా చెబుతున్నాను. అడుగున నాలుగు కాయలుంటే వాటిని ఏరి తీసెయ్యడం మాత్రం మర్చిపోండి.