నా పేరుకి ముందు

ఏమండీ,

మన అమ్మి పెళ్లికార్డులు ఇవాళ వచ్చేయి. గుణుపురం ప్రెస్సులో మీ తమ్ముడే దగ్గరుండి అచ్చు వేయించేడు. పసుపు రాద్దామని కూర్చుని చూద్దును కదా, మీ పేరుకి ముందు 'కీ.శే.' అని ఉంది. అది సరే. నా పేరుకి ముందు 'గం.భా.' అని ఉంది. గంగా భాగీరథీ సమానురాలినట. మొగుడు పోయినదాన్నని ఊరందరికీ మర్యాదగా చెప్పడమన్నమాట.

"శ్రీమతి అని వేస్తే ఏం పోయింది?" అని అడిగేను.

"అదేటొదినా, పద్ధతి కదా! గంగమ్మతో సమానమన్నాం, తక్కువ సేసేమేటి?" అన్నాడు.

అంత గంగమ్మనీ పీట మీద కూర్చోవద్దన్నాడు. కన్యాదానం వాళ్లు మొగుడూ పెళ్లాం చేస్తారట. నా ముందున్న పసుపుగిన్నె తీసి తోటికోడలి ముందు పెట్టేడు.

కొల్నార బళ్లో మీరు ఉపసర్గలు చెప్పేవారు. హారానికి ముందు 'ఆ' చేరిస్తే తిండి, 'సం' చేరిస్తే చంపడం అని పిల్లల్ని నవ్వించేవారు. ధవుడంటే మొగుడని, ముందు 'స' ఉంటే సధవ, 'వి' ఉంటే విధవ అని ఇంటికొచ్చి నాకూ చెప్పేరు. అప్పుడు నేనూ నవ్వేను.

కార్డులన్నీ వెనక్కి పంపించేసేను. ప్రెస్సతను ఫోన్ చేసేడు.

"మరి పేరు ముందు ఏటెయ్యమంటారమ్మా?"

"ఏమీ వద్దు. ఉత్త పేరు వెయ్యి."

"ముందేటీ లేకపోతే, ఉన్నారో పోయేరో జనానికెలాగ తెలుస్తాదమ్మా?"

పెళ్లిలో పీట మీద కూర్చుంటాను, వచ్చి చూసుకోమన్నాను.