ముద్ర కింద పోయిన ముఖం

రఘునాథపల్లి

విశ్వవిద్యాలయ ప్రచురణల సంపాదకులు మధుకర్ గారికి,

మనిషి ముఖం పెద్దదా, మీ ముద్ర పెద్దదా? ముందు దీనికి జవాబు చెప్పండి.

మీ పత్రిక అట్టమీద వేస్తామని మా భూదేవవ్వ పత్తి ఏరుతున్న ఫొటో తీసుకుపోయారు. ముఖం బాగా కనబడుతుందని మీ తరఫున ఆమెకు మాట ఇచ్చింది నేనే. నిన్న మీరు పంపిన అట్ట నమూనాను చర్చిలో ప్రార్థన అయ్యాక అవ్వకు ఫోనులో చూపించాను. ఆమె తల ఉండవలసిన చోట విశ్వవిద్యాలయం ముద్ర ఉంది.

"అయ్యగారూ, గీ చేతులు నావే. మొఖమేది?" అన్నది.

"దానిమీద ముద్ర గుద్దిండ్రు అవ్వా," అన్నది మనుమరాలు అఖిల.

"సంతకు పోయే గొర్రెకు రంగు పూసినట్టా?" అని అవ్వ నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి, "మొఖం పెట్టకుంటే నా చేతులు గూడ తీసేయమను," అన్నది.

మీకు ఫోను చేస్తే, ముద్ర కుడివైపు పైమూలనే ఉండాలి, చుట్టూ ఖాళీ ఉండాలి, అది నియమం అన్నారు. నేను ఈ ఊరి పాస్టరును, మీ కాలేజీల్లో చదవలేదు, చేతిలో ఉన్న ఈ బైబిలు వాక్యమే చదివాను. దేవుడు మనిషిని తన పోలికలో చేశాడని మొదటి అధ్యాయంలోనే ఉంది. మీ ముద్రను ఎవరి పోలికలో చేశారు? విశ్రాంతిదినం కూడా మనిషి కోసమే అన్నాడు ప్రభువు. మరి మీ పైమూల ఎవరికోసం?

సాయంత్రం అచ్చు మొదలవుతుందట. తర్వాత సవరణ వేస్తామంటే మేము ఒప్పుకోము. ఈ ఉత్తరం తెచ్చిన అఖిల మీ ఎదుటే నిలబడి ఉంది. ఆమె చూస్తుండగానే ప్రెస్సుకు ఫోను చేసి అచ్చు ఆపించండి!