బాబు ఆపరేషన్‌కు తల్లి సంతకం చాలదన్నందుకు

పిల్లల ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు, బస్సు డిపోలో బ్రేకుల మెకానిక్‌గా పనిచేయుచున్న ఒక తల్లి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వృషణాలు కిందికి దిగని నా కుమారునికి తమ కార్యాలయము ఆపరేషన్ నిరాకరించుట గురించి.

1. నా కుమారునికి ఏడాది దాటినది. పుట్టినప్పుడే సంచి ఖాళీగా ఉన్నదని నర్సు చూపించినది. ఆరు నెలల లోపు వాటంతట అవే దిగవచ్చునని, దిగకపోతే ఇక ఆగక పెద్ద డాక్టరుకు చూపమని చెప్పినది. దిగలేదు. తీసుకువచ్చితిని.

2. తమ సర్జనమ్మగారు పరీక్షించి, రెండూ గజ్జల్లోనే ఆగినవని, ఏడాదిన్నర లోపలే ఆపరేషన్ జరగాలని, ఆలస్యమైతే రేపు వాడికి పిల్లలు పుట్టుటకు ఇబ్బంది, క్యాన్సర్ ముప్పు పెరుగునని చెప్పి తేదీ ఇచ్చినారు. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు.

3. ఫిర్యాదు అడ్మిషన్ కిటికీలోని గుమాస్తా మీద. నేను సంతకం చేయబోగా కాగితం లాక్కున్నాడు. "ఇది మగవాళ్ల వ్యవహారం. మీ ఆయన్ని పంపు" అన్నాడు. ఆయన ఒప్పుకోవడం లేదని మెల్లగా చెప్పితిని. అతడు వరుసంతా వినేలా, "గోలీలు దిగని పిల్లాడట! తండ్రికి లేని తొందర ఈవిడకి!" అన్నాడు. అందరూ నవ్వారు. నా తేదీ కొట్టేశాడు.

4. తండ్రి సంగతి. "మా వంశంలో అక్కడ ఎవరికీ కత్తి పడలేదు" అంటాడు. మా అత్తగారు "పెళ్లీడుకి అవే దిగుతాయిలే" అంది. "శుభలేఖ అందాక బయల్దేరతాయా అత్తయ్యా?" అని అడిగాను. నాతో మాటలు మానేసింది.

5. అయ్యా, బ్రేకులు సరిగా ఉన్నాయని నేను సంతకం పెట్టనిదే డిపో గేటు నుంచి బస్సు కదలదు. బస్సెడు మంది ప్రాణాలకు చాలిన సంతకం కన్నకొడుక్కి చాలదా? చాలదని ఏ నిబంధనలో ఉందో చూపించండి.

కావున తేదీ తిరిగి ఇప్పించి, ఆ గుమాస్తా చేత ఆ వరుస ముందే క్షమాపణ చెప్పించవలెను. చిత్తగించవలెను. చిత్తము లేకున్నచో ఆ ముక్క వ్రాసి ఇవ్వవలెను.

తమ విధేయురాలు (ఆనవాయితీ కొరకు మాత్రమే),
బాబు తల్లి

తా.క.: ఈ కాగితం బల్ల మీద పెట్టి డ్యూటీకి వెళ్లాను. మా ఆయన చదివినట్టున్నాడు. సాయంత్రం బాబుకి తనే స్నానం చేయించాడు. తువ్వాలు చుట్టి తెచ్చి, "నిజమేనే, ఏమీ లేదక్కడ" అన్నాడు. కన్న తండ్రి ఇన్నాళ్లూ చూడనేలేదు! రేపు వచ్చి సంతకం పెడతాడట. పెట్టనివ్వండి. అర్జీ మాత్రం వెనక్కి తీసుకోను. మొగుడు పోయిన తల్లి ఆ కిటికీ ముందు నిలబడితే మీ గుమాస్తా ఎవర్ని పంపమంటాడో నాకు జవాబు కావాలి.