ఒక్క గడిలో రెండు గ్రూపులు

మంగళవారం, సంగారెడ్డి

ఫ్యాక్టరీ క్యాంపులో రక్తమిచ్చిన యాదగిరి ఇవాళ మా బ్లడ్ బ్యాంకుకు వచ్చాడు. మామూలు పరీక్షలో ఆయనది బి నెగెటివ్, ఇంకో పరీక్ష చేస్తే వీక్ పాజిటివ్, అంటే పాజిటివ్ గుణం ఉంది గానీ బాగా తక్కువ. తన రక్తం ఇస్తే పాజిటివ్ అనీ, తనకే ఎక్కించాల్సి వస్తే నెగెటివ్ అడగాలనీ చెప్పాను.

"గదేంది మేడం, ఇచ్చేటప్పుడొకటి, ఎక్కిచ్చుకునేటప్పుడొకటా?" అని నవ్వి, మెడలోని కంపెనీ కార్డు చూపించాడు. "ఇందుల బ్లడ్ గ్రూపు గడి ఒక్కటే ఉన్నది. ఏది రాయమనాలె?"

అవసరమైనప్పుడు రెండూ చెప్పమన్నాను.

"బాయిలర్ కాడ పని నాది. ఏమన్నయితే చెప్పే సోయి నాకుంటదా?"

రెండూ ఒక కాగితం మీద రాసిచ్చాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఇంటికొచ్చాక గానీ నాకు తట్టలేదు, బాయిలర్ దగ్గర మంట లేస్తే ముందు కాలేది ఆ చొక్కాయే.