కాణిపాకం ఒట్టు, కంపెనీ చట్టం

తిరుపతి,
12-7-2001.

చిరంజీవి మనవరాలు పల్లవికి,

జేజి ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనొక్కదాన్నే కనుక ఆ మాటకు పూచీ నాదే. మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయని అడిగావు. అవి నా మాట వింటున్నాయి. నీవే వినడం లేదు.

కంపెనీకి ‘పద్మావతి’ పేరు బాగుంటుందా అని కూడా అడిగావు. తిరుచానూరులో లాడ్జీలు, పూలకొట్లు, ఒక టైలరు దుకాణం ఆ పేరును ముందే పంచుకున్నాయి. ఉన్న కంపెనీ పేరును పోలిన పేరు పెడితే అమ్మవారు ఓర్చుకుంటుంది, ఆమెకు అలవాటే. కంపెనీల రిజిస్ట్రారు ఓర్చుకోడు.

ఒప్పందం ఎందుకు రాసుకోలేదన్న నా ప్రశ్నకు నీ జవాబు, నీవూ, కంపెనీలో నీ భాగస్వామి కాబోయే నీ స్నేహితుడు రూపేషూ కాణిపాకంలో ప్రమాణం చేశారని! ఎం.సి.ఏ. చదివిన పిల్లవు. కోడిని దొంగిలించినదెవరో తేల్చుకునే చోట కంపెనీ వాటాలు తేల్చుకున్నారా? లాడ్జీల గదుల లెక్కలు చూసే ఆ కంప్యూటర్ ప్రోగ్రాం నీవు రాసినది. అది ఎవరి సొత్తని రేపు కోర్టు అడిగితే, వినాయకుడు బోనెక్కి సాక్ష్యం చెబుతాడా?

పోయిన సోమవారం రూపేష్ వాళ్ల నాయన ఏకాంబరాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నా మేడగదిని కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుగా చూపడానికి ఇంటి యజమానురాలిగా నా సమ్మతి కావాలన్నాడు. కాఫీ ఇచ్చి, డైరెక్టర్లు ఎవరని అడిగాను.

“నేనూ, మా నాయనా.”

“మా పల్లవి యాడుండాది?”

“పల్లవి యాడికి పోతాది జేజీ? ప్రమాణం చేసినాం గదా!”

ఏకాంబరం అందుకున్నాడు. “ఆడపిల్ల గదమ్మా. రేపు పెండ్లయితే ఆ అల్లుడొచ్చి మా నెత్తిన కూర్చుంటాడు.”

“నీ కొడుక్కి పెండ్లయితే కోడలు యాడ కూర్చుంటాది, ఏకాంబరం?”

కాఫీ సగంలోనే లేచిపోయారు.

సంతకం పెట్టినందుకు నీవు ముందుగానే కృతజ్ఞతలు రాసేశావు. పల్లవీ, నేను సంతకం పెట్టలేదు. కంపెనీ ఇంకా పుట్టలేదు. వాళ్లు మరో ఇల్లు వెతుక్కునేలోగా నీ ప్రోగ్రాం నీవు కాపాడుకోవాలి. స్నేహం చెడగొట్టానని కోపం వస్తే రానీ. సంజాయిషీలు చెప్పే అలవాటు నాకు లేదు.

ప్రైవేటు కంపెనీకి ఇద్దరు చాలునని చట్టం. వాళ్లు లేకుండా నీవే కంపెనీ పెట్టు, రెండో మనిషిగా నేనుంటాను. అయితే జేజి కదా అని నన్ను నమ్మవద్దు. ఎవరి వాటా ఎంత, ప్రోగ్రాం ఎవరిది, విడిపోతే ఏది ఎవరికి, అన్నీ వకీలు చేత రాయించి తీసుకురా. నాకు నచ్చనివి కొట్టివేస్తాను. నీకు నచ్చనివి నీవూ మొహమాటం లేకుండా కొట్టివేయి. ఆ తరువాతే ఇద్దరం సంతకాలు పెడదాం.

ఇట్లు,
నీ జేజి,
దేవకమ్మ, బి.ఏ.