దొరసానికి తినిపించే చెయ్యి

అక్కకు,

నీ తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ ఇల్లూ, కింద కొట్టూ, నేనూ కులాసా. దొరసానిని కూడా ఆ వరుసలో కలిపి రాయాలని ఉంది గానీ చెయ్యి రావడం లేదు. అక్కడ చెల్లి కాలి కట్టు విప్పారా? కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోందా? దానికి నోరెక్కువ, ఓపిక తక్కువ. అప్పుడే మెట్లు దిగుతానంటుంది. దిగనివ్వకు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. పెరటి కుళాయికి వాషరు మార్చాను, కారడం లేదు. నీ గది కిటికీ రెక్క సరిచేశాను. పెద్ద బీరువా పాలిష్ ముగిసింది. దాని ఆసామి వచ్చి, తలుపులో మొహం చూసుకుని, మీసం దువ్వుకుని, ఏ వంకా దొరక్క పట్టుకుపోయాడు. ఫొటోలో అంత చిక్కిపోయావేమిట్రా అని అడిగావు. దానికి జవాబు తర్వాత రాస్తాను.

దొరసాని నువ్వు వెళ్ళిన వారానికే గిన్నెలో సగం వదలడం మొదలుపెట్టింది. నీ మీద బెంగ అనుకున్నాను. పిల్లి ముసలిదైనా పంతం ముసలిది కాలేదు, ఆకలేస్తే అదే తింటుందిలే అని ఊరుకున్నాను. తర్వాత గిన్నె దాకా రావడం, మూతి నాక్కోవడం, గుటక మింగి వెనక్కి పోవడం. ఒకరోజు ఎత్తుకుంటే వెన్నుపూస చేతికి గుచ్చుకుంది. అప్పుడు భయం వేసింది.

కంటి ముందు ఉంటుందని కొట్లోకి తెచ్చాను. సీటు చిరిగిన కుర్చీలో గోనెపట్టా మడిచి పడుకోబెట్టాను. పని మధ్యలో లేచి, చేప ఉడికించి, ముళ్ళు తీసి, వేళ్ళతో మెదిపి మూతి దగ్గర పెట్టేవాణ్ణి. అది తల అటు తిప్పుకునేది. నేను కుర్చీ చుట్టూ తిరిగి ఆ పక్కకు వెళితే ఇటు తిప్పుకునేది. ఎదురింటి కుట్టుమిషనావిడ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది.

"ఏం అన్నయ్యా, పెళ్ళాన్ని కూడా ఎవరూ ఇంతలా బతిమాలరు!"

"అందుకేగా చేసుకోలేదు," అన్నాను.

నవ్వుతూనే లోపలికి వచ్చి దొరసాని వీపు నిమిరింది. నవ్వు ఆగిపోయింది. "ఇది పంతం కాదు. డాక్టరుకి చూపించు," అంది.

పశువుల డాక్టరమ్మ మన చెల్లి కూతురి ఈడు పిల్ల. తిండి మాని ఎన్నాళ్ళయిందో చెబితే గట్టిగానే కేకలేసింది. "ఆకలేస్తే తింటుందని పిల్లి విషయంలో ఎప్పుడూ ఆగకూడదండీ. రెండు మూడు రోజులు కడుపు మాడితే చాలు, కాలేయం దెబ్బతింటుంది." పళ్ళు చూసింది, ఒకటి కదులుతోంది. రక్తం తీసి చూస్తే మూత్రపిండాలు బలహీనపడ్డాయట. వయసుతో వచ్చేదే, పూర్తిగా నయం కాదు. వికారం తగ్గి నాలుగు మెతుకులు తింటే మాత్రం ఇంకొంత కాలం ఉంటుందంది.

తన దగ్గరున్న పిల్లుల తిండి కాస్త వేడిచేసి పళ్ళెంలో పెట్టింది. దొరసాని మెడ చాచి రెండుసార్లు నాకింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అదే తిండి నా వేళ్ళతో తీసి పెట్టాను. తల తిప్పేసుకుంది. డాక్టరమ్మ నా మణికట్టు పట్టుకుని చెయ్యి వాసన చూసింది.

"ఏం పని చేస్తారు?"

"చెక్క సామానుకి పాలిష్. స్పిరిటు, వార్నిష్."

"పిల్లి ముందు ముక్కుతో తిని, తర్వాత నోటితో తింటుందండీ. ఈ ఘాటులో దానికి చేప వాసన ఎక్కడ తగులుతుంది? పైగా కొట్లో పడుకోబెట్టారా? ఆ ఆవిరి దానికి విషం."

నేను పట్టుకెళ్ళిన చేప డబ్బా మూత తీసి, వెంటనే మూసేసింది. "ఇది పాడైపోయింది. మీకు తెలియలేదా?"

"దారిలో ఎండకు పాడైనట్టుంది," అన్నాను.

అది అబద్ధం అక్కా. నాకు తెలియలేదు. నా ముక్కుకు వాసన తగలడం ఎప్పుడో ఆగిపోయింది. మొదట స్పిరిటు ఘాటు తగ్గిందనిపించింది. సరుకు కల్తీదని అమ్మినవాడితో పోట్లాడాను కూడా. తర్వాత నీ వంట చప్పబడింది. ఉప్పు తగ్గించావన్నాను, నువ్వు నొచ్చుకున్నావు. ఉప్పు సరిగ్గానే వేశావు. ఇప్పుడు ఏం తిన్నా తడికాగితం నమిలినట్టే ఉంటుంది. ఫొటోలో చిక్కింది అందుకే. నువ్వున్నన్నాళ్ళూ పాలు విరిగాయా, చేప తాజాదేనా అని నీ ముక్కే చూసుకునేది. నువ్వు వెళ్ళాక ఆ నోరులేని జీవం నా వంటకు చిక్కింది. పాడైన చేప ఎన్నిసార్లు దాని మూతికి పెట్టానో నాకు తెలియదు. అది వద్దని చెబుతూనే ఉంది.

నన్నూ డాక్టరు దగ్గరికి వెళ్ళమంటావు. వెళ్తాను. పని మానమంటాడని ఇన్నాళ్ళూ జంకాను. ఈ చేతులకు ఇంకో పని రాదు.

దొరసాని ఇప్పుడు నీ గదిలో ఉంది. రోజు విడిచి రోజు చర్మం కింద సూదితో సెలైను నీళ్ళు ఎక్కిస్తున్నారు, వికారానికి మాత్ర ఇస్తున్నారు. కుట్టుమిషనావిడ రెండుపూటలా వచ్చి, చేప వాసన చూసి, గోరువెచ్చగా తినిపిస్తోంది. నిన్న ఒక చెంచాడు తింది. ఇవాళ నాకి వదిలేసింది. నేను గడప ఇవతలే కూర్చుంటున్నాను. చేతులు సబ్బుతో, నిమ్మచెక్కతో తోముకుని, పోయిందా అని చాపితే ఆవిడ వాసన చూసి, "ఇంకా ఉంది అన్నయ్యా," అంటోంది.

నిన్ను రమ్మనడం లేదు. చెల్లికి నువ్వు కావాలి. ఒక్క పని చెయ్యి. నువ్వు కప్పుకుని పడుకునే శాలువా ఉతక్కుండా పంపించు. దారిలో వాసన పోకుండా రెండు సంచుల్లో పెట్టి గట్టిగా కట్టు. వచ్చాక నేను ముట్టుకోను. ఆవిడ చేతే విప్పించి, దొరసాని కింద వేయిస్తాను.

ఇట్లు,
గడప ఇవతల నుంచి,
నీ తమ్ముడు