ఫోటోకు తగ్గ బరువు

రాఘవాపురం, జనగామ తాలూకా
1-3-1969

చిరంజీవి కరుణాకర్‌కు,

చిన్నాయన వెంకటనర్సయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. నల్ల బర్రె ఈనింది.

అసలు సంగతి, నీకో సంబంధం కుదిరేలా ఉంది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే బాలస్వామి గారి అమ్మాయి. పేరు పద్మశ్రీ, టీచరు ట్రైనింగులో ఉంది. ఫోటో జతచేశాను. నీ ఫోటో వాళ్ళకు పంపితే ఇంటిల్లిపాదికీ నచ్చిందట. "పిలగాడు సన్నగ, నిటారుగ మంచిగున్నడు" అన్నాడు బాలస్వామి. మార్చి ముప్పై ఆదివారం పెళ్ళిచూపులు. పిల్లకు నచ్చితేనే ముందుకు పోతారట. కాబట్టి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉండు.

ఇట్లు,
చిన్నాయన

తా.క.: నేను పంపిన ఫోటో నువ్వు పీయూసీలో చేరినప్పటిది. ఇంట్లో అదొక్కటే దొరికింది. అందులో ఉన్నలాంటి వాళ్ళు ఇద్దరు కలిస్తే ఇప్పటి నువ్వు అవుతావని మీ చిన్నమ్మ అమృతమ్మ అంటుంది. ఫోటో అన్నాక కొంచెం తేడా ఉంటుంది.


హాస్టలు, ఉస్మానియా యూనివర్సిటీ
15-3-1969

పూజ్యులైన చిన్నాయనకు,

కరుణాకర్ నమస్కారాలు. ఫోటో అందింది. పరీక్ష పుస్తకంలో పెట్టుకున్నాను. చదువు సాగడం లేదు, పుస్తకం మాత్రం పదేపదే తెరుస్తున్నాను. ఈ సంబంధం తప్పిపోతే తట్టుకోలేను. సిగ్గు విడిచి రాస్తున్నాను.

అందుకే ఒక పట్టు పట్టాను. పది రోజులుగా మెస్‌లో తినడం మానేశాను. నిమ్మకాయ నీళ్ళు, రోజుకు రెండు అరటిపళ్ళు, అంతే. ఎందుకని అడగకండి, ఉత్తరంలో రాసే విషయం కాదు. ముప్పయ్యో తేదీలోగా సాధించి తీరాలి. స్నేహితులు వద్దంటున్నారు. నేను వెనక్కు తగ్గేది లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే కళ్ళు తిరుగుతాయి. నిద్ర పట్టదు, ఒక్కచోట నిలవలేను. ఇక్కడ సభలు, ఊరేగింపులు జోరుగా ఉన్నాయి. బందుల వల్ల టపా ఆలస్యమవుతోంది.

మీ కొడుకులాంటి
కరుణాకర్

తా.క.: దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి వస్తోంది. చిన్నమ్మ కాచే కొబ్బరినూనె ఒక సీసా పంపండి.


రాఘవాపురం
20-3-1969

వీరుడు చిరంజీవి కరుణాకర్‌కు,

ఏం రాయాలో తోచడం లేదురా. నీ ఉత్తరం, నీ బొమ్మ పడిన పేపరు ఒకే రోజు వచ్చాయి. ఆర్ట్స్ కాలేజీ ముందు టెంటు, మెడలో బంతిపూల దండ, వాడిపోయిన ముఖం. కింద 'నిరాహార దీక్షలో విద్యార్థులు' అని రాశారు. పేపరువాళ్ళు రిలే దీక్ష అంటున్నారు, అంటే రోజుకొకరు. నువ్వు మాత్రం పది రోజులుగా ఒక్కడివే ఉన్నావని నాకు ఉత్తరం చదివాకే తెలిసింది. ఎందుకని అడగకండి అన్నావే, ఆ మాటకు మీ చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రాష్ట్రం కోసం తల వెంట్రుకలు కూడా ఇచ్చేశావు.

ముప్పయ్యో తేదీకి తెలంగాణ వస్తుందని ఊరందరికీ చెప్పాను. "అంత జల్ది ఇస్తరా?" అన్నాడు మన ఊరి సామేలు. మా వాడు తేదీ వేసి మరీ రాశాడన్నాను. పంచాయతీ ఆఫీసు ముందు మేమూ టెంటు వేశాం. సామేలు మైకు తెచ్చాడు. సోమవారం నుంచి నేను కూర్చుంటున్నాను. రిలే కాదు, నీలాగే మొత్తం.

గర్వంతో,
చిన్నాయన

తా.క.: షుగరు మాత్రలు మాత్రం వదలను. అన్నం లేకున్నా అవి వేసుకోవాలని మీ చిన్నమ్మ ఒట్టు పెట్టించుకుంది. అన్నట్టు గురువారం బాలస్వామి మన ఇల్లు చూడడానికి వస్తున్నాడు. నేరుగా టెంటుకే రమ్మన్నాను.


హాస్టలు
24-3-1969

చిన్నాయనా,

కాళ్ళకు మొక్కుతున్నాను. ఈ ఉత్తరం అందగానే ముందు ఏదైనా తినండి, తర్వాత చదవండి.

నేను చేసింది దీక్ష కాదు. ఒళ్ళు తగ్గించుకుంటున్నాను. మీరు పంపిన ఫోటోలో ఉన్నవాడు యాభై ఎనిమిది కిలోలు. ఈ నెల మొదట్లో సికింద్రాబాద్ స్టేషన్లో తూకం మిషను ఎక్కితే ఎనభై ఆరు చూపించింది. పద్మశ్రీ ఫోటోలో ఉన్నవాణ్ణి ఒప్పుకుంది, ఎదురుగా నన్ను చూసి ఏమంటుందోనని భయపడ్డాను. పేపర్లో పడిన ఆ బొమ్మ తీసిన రోజు ఎండకు కళ్ళు తిరిగి టెంటు నీడలో కూలబడితే, దీక్షలో ఉన్నాననుకుని మెడలో దండ వేశారు. ఫోటోవాడు అప్పుడే వచ్చాడు. వద్దని చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

నిన్న తార్నాక చౌరస్తాలో పడిపోయాను. ఎవరో పక్కనే ఉన్న డాక్టరమ్మ ఇంటికి మోసుకెళ్ళారు. కమలమ్మ గారని, కర్నూలు వైపు ఆవిడ. టెంట్లలో కూర్చున్న పిల్లలందరి నాడీ రోజూ చూసేది ఆవిడే. నన్ను తూకం వేసి తిట్టారు.

"పద్దెనిమిది దినాల్లో పదకొండు కిలోలు దిగినావా? దిగింది కొవ్వొక్కటే అనుకుంటివా, కండ గూడా కరిగింది. జుట్టు రాలేది అందుకే. ఇట్ల ఎండబెట్టుకుంటే పిత్తాశయంలో రాళ్ళు పడతాయి, గుండె లయ తప్పుతాది. మళ్ళా తినబడితే పోయిన బరువంతా తిరిగొస్తాది."

మరి దారేమిటని అడిగాను. "వారానికి అర కిలో దిగితే చాలు. మూడు పూటలా తిను. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, మజ్జిగ. నూనె సరుకు, తీపి తగ్గించు. పొద్దున్నే క్యాంపస్సంతా నడువు, కడుపునిండా నిద్రపో" అన్నారు. ఆ లెక్కన ఫోటోలోవాణ్ణి నేను అందుకునేసరికి దీపావళి దాటుతుంది.

మీ ఉత్తరం ఈ పొద్దునే అందింది. పరుగున వెళ్ళి మీ సంగతి చెబితే ఆవిడ కుర్చీలోంచి లేచారు. "షుగరు మాత్ర మింగి తిండి మానితే ప్రాణానికే మోసం. రక్తంలో చక్కెర పడిపోయి మనిషి లేవడు. ముందు బెల్లం నీళ్ళు తాగించమను" అన్నారు. నా పిచ్చికి మీకేమైనా అయితే నేను బతకలేను. టెలిగ్రాం ఇద్దామంటే బందులో ఆఫీసు మూసి ఉంది. జనగామ వెళ్ళే రైలు గార్డు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

క్షమించమని అడిగే మొహం లేని
కరుణాకర్

తా.క.: చదివి చింపేయండి. ముఖ్యంగా బాలస్వామి గారి కంట పడనివ్వకండి.


రాఘవాపురం
28-3-1969

చిరంజీవి కరుణాకర్‌కు,

నేను బతికే ఉన్నాను. పొద్దున ఇడ్లీలు కూడా తిన్నాను.

బందులో రైళ్ళు ఆగిపోయి నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నానికి గానీ చేరలేదు. అప్పటికే నేను చెమటలు పట్టి, కళ్ళు మసకబారి పడుకుని ఉన్నాను. దీక్షలో ఉన్నవాళ్ళు రాసిన ఉత్తరం వస్తే మైకులో చదవడం ఇప్పుడు అన్ని టెంట్లలోనూ ఉన్న పద్ధతి. సామేలు విప్పి చదివాడు. వాడికి మొదలుపెట్టడమే తెలుసు, ఆపడం తెలియదు. ఎనభై ఆరు కిలోలు పక్క ఊరికి కూడా వినిపించాయట. బెల్లం నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మైకు పడేసి పరుగెత్తాడు. పక్కింటి పోచమ్మ చెంబుతో తాగించింది. పావుగంటకు తేరుకున్నాను. ఆ పావుగంట మీ చిన్నమ్మ ముఖం చూడాల్సింది, నీ మీద కోపమంతా దానికే. నాకు కోపం లేదు, సిగ్గుగా ఉంది.

మిగిలిన ఉత్తరం, తా.క. సహా, సామేలు తిరిగొచ్చి పూర్తి చేశాడు. బాలస్వామి ముందు బెంచీ మీదే ఉన్నాడు. సంబంధం పోయిందనుకున్నాను. ఆయన లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడ్వడం మొదలుపెట్టాడు.

"మా పిల్ల గూడ ఇరవై దినాలాయె, రెండు జామకాయల మీదనే ఉంటున్నది. ట్రైనింగుల రెండుసార్లు పడిపోయింది. తెలంగాణ కోసమే అనుకొని వర్క్‌షాపుల అందరికి గొప్పగ చెప్పుకున్న. మేం పంపిన ఫోటో దాని మెట్రిక్‌ నాటిది."

డాక్టరమ్మ చెప్పినవన్నీ కాగితం మీద రాయించుకుని, సాయంత్రం పాసింజర్‌కే పరుగెత్తాడు. మా టెంటు మాత్రం ఎత్తేయలేదు. ఇక నుంచి రోజుకొకరే కూర్చుంటారు, షుగరున్నవాళ్ళకు ప్రవేశం లేదు.

ఇట్లు,
చిన్నాయన

తా.క.: కవరు అంటించబోతుంటే బాలస్వామి మనిషి కబురు తెచ్చాడు. పెళ్ళిచూపులు ఆదివారమే. పద్మశ్రీ తన మాటగా చెప్పి పంపింది: "ఆయనను కడుపునిండ తిని రమ్మను. నేను గూడ తినే కూసుంట. ఒకరి ముందు ఒకరం పొట్ట లోపలికి పీల్చుకునే పని పెట్టుకోవద్దు."